పెరుగుతుందిలే అని కొనలేనిది

మన ఇళ్ళల్లో పిల్లలకి ఏం కొన్నా ఒక సైజు పెద్దదే కొంటాం. యూనిఫాం అయితే అంచు లోపలికి మడిచి కుట్టించి ఏడాదికో మడత విప్పుతాం. బూట్లయితే ముందు దూది కూరతాం. సైకిలైతే సీటు అడుక్కంటా దించి, "వచ్చే ఏడాదికి కాళ్ళు అందుతాయిలే" అంటాం. మా అమ్మ నాకు కుట్టించిన పట్టులంగాకి నాలుగు మడతలు ఉండేవి. ఐదో తరగతిలో మొదలెడితే తొమ్మిదో తరగతి దాకా నడిచింది. విప్పిన మడత దగ్గర మాత్రం రంగు వెలవకుండా కొత్తగా కనపడేది, అంతే. ఇందులో నాకు తప్పేమీ కనపడదు. రూపాయి విలువ తెలిసిన ఇళ్ళ పద్ధతి ఇది.

కానీ ఈ పద్ధతికి అస్సలు లొంగని వస్తువు ఒకటి ఈ మధ్య మా ఇంటికొచ్చింది. దాని పేరు సర్ఫ్‌స్కేట్.

ముందు కథ కొంచెం చెప్పాలి. 2025 జూన్‌లో మేం విశాఖపట్నం వదిలి గచ్చిబౌలి వచ్చేశాం. మా వారికి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం. పాపకి పదేళ్ళు. అక్కడ ఉన్నప్పుడు ఆదివారం అంటే రుషికొండ. ఇసకలో ఆడటం కన్నా, అలల మీద నిలబడి వచ్చే సర్ఫింగ్ వాళ్ళని నోరు తెరుచుకుని చూడటమే దానికిష్టం. ఇక్కడికి వచ్చిన మొదటి వారం మా పదకొండో అంతస్తు బాల్కనీలో నిలబడి "సముద్రం ఎటువైపమ్మా?" అని అడిగింది. తూర్పు చూపించాను. అటు చూస్తే క్రేన్లు, సగం కట్టిన టవర్లు, మధ్యలో ఎవరో మిగల్చక తప్పక మిగిల్చిన ఓ బండరాళ్ళ గుట్ట.

ఆ తర్వాత పిల్ల ఏడవలేదు, పేచీ పెట్టలేదు. ఏది అడిగినా "బానే ఉంది" అనేది. స్కూల్ ఎలా ఉంది? బానే ఉంది. ఫ్రెండ్స్? బానే ఉంది. పప్పుచారులో ఉప్పు వెయ్యడం మర్చిపోయిన రోజున కూడా బానే ఉంది. అల్లరి చేసే పిల్ల "బానే ఉంది" అనడం మొదలుపెడితే తల్లికి నిద్ర పట్టదు. మీకు తెలియనిదేముంది.

సెప్టెంబర్‌లో ఒక సాయంత్రం కిందకి ఆడుకోవడానికి వెళ్ళి, పరుగెత్తుకుంటూ పైకొచ్చింది. మా బ్లాక్‌లో ఇంజినీరింగ్ చదివే అబ్బాయి ఒకడు బోర్డు మీద నిలబడి, కాలు నేలకి తగలకుండా అటూ ఇటూ ఊగుతూ పార్కింగ్ అంతా తిరుగుతున్నాడట. "అచ్చం అల మీద వెళ్ళినట్టేనమ్మా!" అని మొదలుపెట్టి, నేను చపాతీలన్నీ వత్తి కాల్చడం అయ్యేదాకా మాట్లాడుతూనే ఉంది. ఆగస్టులో మహాబలిపురంలో ఆసియా సర్ఫింగ్ పోటీలు జరిగాయనీ, రమేశ్ బుదిహాళ్ కాంస్యం తెచ్చాడనీ కూడా ఆ రోజే దాని నోట విన్నాను. ఇవన్నీ ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకుందో! ఆ రాత్రే నేను మనసులో అనుకున్నాను, ఇది కొనాలి అని. ఏది కొనాలన్నదే తెలీదు.

చూడ్డానికి మామూలు స్కేట్‌బోర్డ్‌లాగే ఉంటుంది. తేడా అంతా కింద ఉంది. చక్రాలు బిగించే లోహపు ఇరుసుని ట్రక్ అంటారు (లారీ కాదు). సర్ఫ్‌స్కేట్‌లో వెనక ట్రక్ బుద్ధిగా ఉంటుంది, ముందు ట్రక్ మాత్రం బాగా పక్కలకి తిరుగుతుంది. అందుకని భుజాలు, నడుము తిప్పుతూ బరువు అటూ ఇటూ మారిస్తే బోర్డు దానంతటదే ముందుకి పోతుంది. కాలితో నేలని తన్నక్కర్లేదు. కాలిఫోర్నియాలో వెనిస్ బీచ్ దగ్గర నీల్ కార్వర్, గ్రెగ్ ఫాక్ అని ఇద్దరు సర్ఫర్లు, అలలు లేని రోజుల్లో రోడ్డు మీద సర్ఫింగ్ చేసుకోడానికని 1990ల మధ్యలో ఈ తిరిగే ట్రక్ తయారు చేశారు. కార్వర్ అనే కంపెనీ అలా పుట్టింది. అలలు లేని రోజులకి కనిపెట్టిన వస్తువు. మా పిల్లకి 365 రోజులూ అలలు లేవు కదా, ఇంకేం కావాలి!

మా వారికి విషయం చెప్పగానే ఎక్సెల్ షీట్ తెరిచారు. మేం ఫ్రిజ్ కొన్నా అదే, కుక్కర్ కొన్నా అదే. ధర, బరువు, రివ్యూలు, తిరిగి అమ్మితే ఎంతొస్తుంది అని వరసలు. చివర ఓ వరస: "ఎన్నేళ్ళు పనికొస్తుంది". అందులో అన్నిటికన్నా పెద్ద బోర్డు గెలిచింది, పద్దెనిమిదేళ్ళు వచ్చినా వాడుకోవచ్చట.

అదే వారం టెక్సస్ నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, డిసెంబర్‌లో వస్తున్నాను కదా, నా ఫ్రెండ్ దగ్గర మంచి కంపెనీ సర్ఫ్‌స్కేట్ ఖాళీగా పడుంది, ఊరికే ఇస్తానంటోంది, తెచ్చేస్తాను" అని. 33 అంగుళాల బోర్డు. ఇక్కడ కొంటే మా బడ్జెట్‌కి రెండు మూడు రెట్లు. తన సామానులో మూడు కిలోల పైన మా కోసం వదులుకుంటానంటోంది పాపం. వెళ్ళేటప్పుడు ఆవకాయ, గోంగూర పచ్చడి గ్రాములతో సహా తూచి సర్దుకునే మనిషి, అంత త్యాగం చేస్తానంటే కాదనడం ఎలా? మా వారి ముఖం వెలిగిపోయింది. ఎక్సెల్ షీట్‌లో ధర దగ్గర సున్నా!

నాకెందుకో మనసొప్పలేదు. మా బ్లాక్ అబ్బాయిని అడిగి అతని బోర్డు ఓ పది నిమిషాలు తీసుకున్నాను. అతను ఆరడుగుల మనిషి, అతని బోర్డు అతనికి సరిపోయేదే. పాప ఎక్కి నిలబడింది. నిలబడింది, అంతే. ఎంత ఒంగినా, ఎంత ఊగినా బోర్డు వినలేదు. 28 కిలోల పిల్ల, ముందు ట్రక్‌లో ఉన్న స్ప్రింగ్‌కి ఆ బరువు ఓ లెక్కా! కింద పెడితే దాని పాదం ఎనిమిది అంగుళాలు, బోర్డు వెడల్పు పది. పాదం మధ్యలో ఉండిపోతే వేళ్ళతో గానీ మడమతో గానీ అంచుని నొక్కడం కుదరదు. నొక్కకపోతే బోర్డు వంగదు, వంగకపోతే తిరగదు. పెద్ద చొక్కా తొడిగితే పిల్ల చేతులు మడుచుకుని తిరుగుతుంది. దీనికి మడత పెట్టే వీలే లేదు. రెండేళ్ళయ్యాక సరిపోయే బోర్డు ఇవాళ పిల్లకి నేర్పేది ఒకటే, "ఇది నావల్ల కాదు" అని. అసలే "బానే ఉంది" అంటున్న పిల్లకి నేను ఆ పాఠం చెప్పించదలుచుకోలేదు.

అప్పుడు కొలతలు తీశాను. మర్నాడు పొద్దున బాల్కనీలో పాపని నిలబెట్టి "బస్సులో కడ్డీ పట్టుకోకుండా నిలబడినట్టు నిలబడు" అన్నాను. కాళ్ళు సహజంగా ఎడం చేసుకుని, మోకాళ్ళు కాస్త వంచి నిలబడింది. పాదాల చుట్టూ ముగ్గుపిండితో గీత గీసి, నా కుట్టుమిషన్ టేపుతో కొలిచాను. ఒక పాదం మధ్య నుంచి రెండో పాదం మధ్యకి 14 అంగుళాలు. బోర్డు ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరాన్ని వీల్‌బేస్ అంటారు, అది ఈ కొలతకి దగ్గరగా ఉండాలి. అమెరికా బోర్డుది 18 అంగుళాలు. పిల్ల దానిమీద నిలబడాలంటే కాళ్ళు బార్లా చాపాలి. చాపితే మోకాలు వంగదు, నడుము తిరగదు.

ఏ కాలు ముందు అన్నది కూడా చూసుకోవాలి. చెప్పకుండా వెనక నుంచి మెల్లగా నెడితే ఏ కాలు ముందుకు వేస్తే అది. మా పాప కుడికాలు వేసింది. కుడికాలు ముందుంటే ఇంగ్లీషువాళ్ళు "గూఫీ" అంటారు, అంటే కాస్త తింగరి అని. ఆ మాట విని మా అత్తయ్యగారు, "కుడికాలు ముందెడితే తింగరేటమ్మా, లక్షణం గానీ" అన్నారు. ఈ వ్యవహారం మొత్తంలో ఆవిడ అనుకూలంగా మాట్లాడిన మొదటి మాట అదే. మన ఇళ్ళల్లో కోడలు అడుగుపెట్టినా, కొత్తింట్లోకి వెళ్ళినా కుడికాలే కదా.

అంతకుముందు దాకా ఆవిడది ఒకటే పాట. ఆడపిల్ల, పడితే చెయ్యో కాలో విరిగితే ఎలా, మొహం మీద దెబ్బ తగిలితే ఎలా. టోక్యో ఒలింపిక్స్‌లో సర్ఫింగ్, స్కేట్‌బోర్డింగ్ రెండూ మొదటిసారి పెట్టారనీ, ఆడపిల్లల స్ట్రీట్ పోటీలో బంగారం గెలిచిన జపాన్ పిల్ల మోమిజి నిషియాకీ, వెండి గెలిచిన బ్రెజిల్ పిల్ల రైసా లేయల్‌కీ అప్పటికి పదమూడేళ్ళేననీ పాప చెప్పింది. ఆవిడ కరగలేదు. మన హైదరాబాద్ అబ్బాయి అనూప్ కుమార్ యామా రోలర్ స్కేటింగ్‌లో 2010 ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చాడనీ, 2015లో అర్జున అవార్డు వచ్చిందనీ నేను చెప్పాను. "మగపిల్లాడు" అనేశారు. నేనిక వాదించలేదు. ఆవిడ భయం ఉత్తుత్తిది కాదు. స్కేట్ నేర్చుకునే పిల్లలు పడినప్పుడు అలవాటుగా చేతులు ముందు ఆనిస్తారు, విరిగేది ఎక్కువగా మణికట్టే. అందుకని నేను పెట్టుకున్న 10,000 రూపాయల్లో మూడో వంతు ముందే పక్కన పెట్టేశాను, హెల్మెట్‌కీ, మణికట్టు గార్డులకీ, మోకాలు, మోచేతి ప్యాడ్‌లకీ. హెల్మెట్ లోపల స్టిక్కర్ చూసి కొనండి. ఈఎన్ 1078 అని గానీ, స్కేట్‌బోర్డింగ్ కోసమే ఉన్న ఏఎస్‌టీఎమ్ ఎఫ్ 1492 అని గానీ ఉండాలి. కనుబొమల పైన రెండు వేళ్ళ ఎడం ఉండేలా పెట్టాలి, వెనక్కి తోసి పెడితే ఫోటోలకే బాగుంటుంది. హెల్మెట్ కూడా "పెరుగుతుందిలే" అని కొనే వస్తువు కాదు.

ఇంకా తేలనిది నేల. ఏ నేల మీద తొక్కుతుందో తెలియకుండా బోర్డు కొనడం, గుమ్మం కొలవకుండా బీరువా కొనడం లాంటిది. గచ్చిబౌలిలో పిల్లకి చదునైన నేల వెతికి చూడండి, తెలుస్తుంది. బయట రోడ్డు మీద వాటర్ ట్యాంకర్లు, డెలివరీ బళ్ళు. ఫుట్‌పాత్ ఉన్నచోట బళ్ళు ఉంటాయి, లేనిచోట గొయ్యి ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్ పక్కన, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు, పైన సోలార్ పలకల కప్పుతో. 2023 అక్టోబర్ 1న మొదలైంది. నున్నగా అద్దంలా ఉంటుంది, చూస్తే ఆశ పుడుతుంది. కానీ అది సైకిళ్ళ కోసం వేసింది. వెనక నుంచి రివ్వున వచ్చే సైకిళ్ళ మధ్య పాముల్లే మెలికలు తిరుగుతూ పిల్ల వెళ్ళడం వాళ్ళకీ ప్రమాదమే, మాకూ ప్రమాదమే.

మిగిలింది మా కమ్యూనిటీ. సెల్లార్‌లోకి దిగే వాలు దగ్గర పిల్లలు స్కేట్ వేస్తుంటారు, అది మాత్రం చచ్చినా వద్దన్నాను. ముందు ట్రక్ అంత వదులుగా తిరిగే బోర్డు వాలులో వేగం అందుకుంటే వణుకుతుంది, ఆపడం పెద్దవాళ్ళకే కష్టం. బాస్కెట్‌బాల్ కోర్టులో చక్రాలు నిషేధం. లోపలి రోడ్లన్నీ పేవర్ టైల్స్, వాటి మీద స్కేటింగ్ చప్పుడు పడటం లేదని ఇదివరకే ఫిర్యాదులొచ్చి అసోసియేషన్ వాళ్ళు ఆపేశారు. వాట్సాప్ గ్రూపులో కుక్కల గొడవ తర్వాత అంత పెద్ద గొడవ అదేనట.

ఆ చప్పుడు సంగతి పట్టుకుని కూర్చుంటే ఒకటి అర్థమైంది. గరగరమనేవి మామూలు స్కేట్‌బోర్డులు. వాటి చక్రాలు చిన్నవి, 52 మిల్లీమీటర్లు అలా ఉంటాయి, రాయిలా గట్టివి. సర్ఫ్‌స్కేట్ చక్రాలు 65 నుంచి 70 మిల్లీమీటర్లు, గోరుతో నొక్కితే పట్టు తెలిసేంత మెత్తన. గట్టిదనం 78ఏ అని రాసుంటుంది, మామూలు వాటి మీద 99ఏ, 101ఏ అని ఉంటుంది. ఆ అంకె ఎంత తగ్గితే అంత మెత్తన. మెత్తటి చక్రం టైల్ సందుల్లో ఇరుక్కోదు, చిన్న గులకరాయికి ఠక్కున ఆగిపోయి పిల్లని ముందుకి విసిరెయ్యదు, చప్పుడూ తక్కువ. అసోసియేషన్ సెక్రటరీగారిని కిందకి రమ్మని, మా బ్లాక్ అబ్బాయి చేత రెండు రకాలూ తొక్కించి వినిపించాను. రిటైరైన బ్యాంకు మనిషి ఆయన, లెక్క కనపడితే ఒప్పుకుంటారు. "శని ఆదివారాలు, పొద్దున ఏడు నుంచి తొమ్మిది, విజిటర్స్ పార్కింగ్‌లో, హెల్మెట్ లేకపోతే లేదు" అని రాతపూర్వకంగా ఇచ్చారు. నేల దొరికింది. వారానికి నాలుగు గంటల నేల.

ఆడపడుచుకి ఫోన్ చేసి, ముగ్గుపిండి కొలతతో సహా అంతా చెప్పాను. "అయ్యో, ముందే చెప్పి మంచి పని చేశావు వదినా, ఆ మూడు కిలోలూ చాక్లెట్లు తెస్తాను" అంది. మా వారే రెండు రోజులు దిగులుగా ఉన్నారు, సున్నా ధర పోయిందని. "ఏడాదిన్నరకి చిన్నదైపోతుంది కదా?" అన్నారు. "అవుతుంది. ఏడాదిన్నర తొక్కితేనే కదండీ చిన్నదయ్యేది" అన్నాను.

దసరా సెలవుల్లో కొన్నాం. ఆన్‌లైన్‌లో సర్ఫ్‌స్కేట్ అని కొడితే రకరకాలవి వస్తాయి. మధ్యలో మెలి తిరిగే రెండు చక్రాల వేవ్‌బోర్డ్, చిన్న ప్లాస్టిక్ పెన్నీ బోర్డ్, పొడుగు లాంగ్‌బోర్డ్, అన్నిటికీ అదే పేరు తగిలిస్తారు. అందుకని షాపుకే వెళ్ళాం, టేపు పట్టుకుని. బోర్డు నేల మీద పెట్టి ముందు కొసని చేత్తో పక్కకి వాల్చి చూడండి. ముందు ఇరుసు చటుక్కున తిరగాలి, వెనకది పెద్దగా కదలకూడదు. రెండూ ఒకేలా కదిలితే అది వేరే జాతి. మేం తీసుకున్నది 29 అంగుళాలది, వీల్‌బేస్ పద్నాలుగున్నర, వెడల్పు తొమ్మిది లోపు. స్ప్రింగ్ చెయ్యి ఉండే ట్రక్ కాకుండా రబ్బరు బుష్‌ల మీద తిరిగేది తీసుకున్నాం. స్ప్రింగ్‌దంత మెలికలు తిరగదు, కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి కాళ్ళ కింద కుదురుగా ఉంటుంది. పైగా తేలిక పిల్లలకి బుష్‌లు మెత్తటివి మార్చుకోవచ్చు, నట్టు కాస్త వదులు చేసుకోవచ్చు. షాపులో పిల్లని ఎక్కించి ఊగమన్నాను. బోర్డు విన్నది. దాని మొహం చూసి ఇంక ధర అడగబుద్ధి కాలేదు, అయినా అడిగాను.

మొదటి నాలుగు రోజులు ఇంట్లోనే, మడత పెట్టిన పాత జంపఖానా మీద, చక్రాలు దొర్లకుండా నిలబడి ఊగడం. తర్వాత కింద, నా రెండు చేతులూ పట్టుకుని. నిలబడుతోంది, తిరుగుతోంది, కానీ ముందుకి పోవడం రావట్లేదు. మూడు నాలుగు మెలికలు తిరిగి ఆగిపోతోంది. వీడియోలు చూసింది, మా బ్లాక్ అబ్బాయి చెప్పాడు, అయినా అందలేదు.

అత్తయ్యగారు ఓ మూల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పడితే చూద్దామన్నట్టు కాపలా కాస్తున్నారు. అట్లతద్ది దగ్గర పడుతున్న రోజులవి. ఉన్నట్టుండి లేచొచ్చి, "అలక్కాదే. నువ్వు ఊయలెప్పుడూ నిలబడి ఊగలేదా?" అన్నారు. చిన్నప్పుడు అనకాపల్లి దగ్గర వాళ్ళ ఊళ్ళో అట్లతద్ది నాడు మర్రిచెట్టుకి వేసిన ఊయలలో ఎవరూ తొయ్యకుండా ఎంతెత్తుకి వెళ్ళేవారో చెప్పారు. పైన ఉన్నప్పుడు మోకాళ్ళు వంచి, కిందకి వచ్చేసరికి లేవాలట. "ఎప్పుడు పడితే అప్పుడు లేస్తే ఆగిపోద్ది. ఒక్క చోటే లేవాలి. అది కాలికి తెలవాల" అని, చీర కాస్త ఎత్తిపట్టుకుని అక్కడే పార్కింగ్‌లో వంగి లేచి చూపించారు. డెబ్భై ఒక్కేళ్ళు ఆవిడకి. వాచ్‌మన్ నవ్వాపుకోలేక అటు తిరిగాడు.

అది అదే. మెలిక తిరిగే ముందు మోకాళ్ళు వంచడం, తిరుగుతుండగా లేవడం. ఈ బోర్డు ముందుకు పోయేది ఆ ఒక్క కిటుకుతోనే, ఇంగ్లీషులో పంపింగ్ అంటారు. ఆ ఆదివారం పాప స్తంభం నుంచి స్తంభానికి, కాలు కింద పెట్టకుండా తొమ్మిది స్తంభాలు దాటి వెళ్ళింది. పదోది దాటుతూ పడింది. మణికట్టు గార్డు ప్లాస్టిక్ మీద గీతలు పడ్డాయి, చేతికి ఏం కాలేదు. అత్తయ్యగారు ఆ గార్డు తిప్పి తిప్పి చూసి, ఎంతయిందని అడిగారు.

ఇప్పుడు శనివారం పొద్దున అలారం అక్కర్లేదు. ఇంకో ముగ్గురు పిల్లలు చేరారు, వంతులేసుకుని తొక్కుతున్నారు. బోర్డు ఒకటే, గొడవలు రెండు. స్కూల్లో ఎవరు ఏమన్నారో, ఏ టీచర్ ఎలా నడుస్తారో అన్నీ నాకు మళ్ళీ తెలుస్తున్నాయి, వద్దన్నా చెప్తోంది. మొన్న చారు బాలేదని మొహం మీదే చెప్పింది.

వేసవికి పొడుగవుతుంది, అప్పటికే ముందు పాదం బోల్టుల మీదకి వచ్చేస్తుందేమో. ఆ బోర్డు ఎవరికివ్వాలో కూడా తేలిపోయింది. రెండో అంతస్తు ఏడేళ్ళ పిల్లాడు నిన్న వాళ్ళమ్మతో వచ్చి, బాల్కనీలో కాళ్ళు ఎడం చేసుకుని నిలబడి, "ఆంటీ, నాకూ ముగ్గు గీసి కొలవండి" అన్నాడు. పదకొండున్నర అంగుళాలు వచ్చింది. ఇంకా టైముందిరా అన్నాను.